అమ్మాయమ్మ టీచరు దండెం

మా అమ్మాయమ్మ టీచరుకు తడిసిన వస్తువు కంటబడకూడదు. కంటబడిందంటే అది ఎవరిదైనా సరే, గట్టిగా పిండి, రెండుసార్లు దులిపి, దండెం మీద వెయ్యాల్సిందే. లోకంలో అందరికీ దండెం ఇంట్లో ఉంటుంది. ఆవిడ దండెం మాత్రం రెండో తరగతి 'ఏ' సెక్షన్లో, కిటికీ ఊచ నుంచి నల్లబల్ల మీది మేకు దాకా ఉండేది. ఆ దండెం విషయంలో నేను చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

ఈ సంగతి తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. పుదుచ్చేరిలో మాలాంటి ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ చదివేవాళ్ళు తక్కువ. అమ్మాయమ్మక్కకు అరవం వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగులో మాత్రం ఒక్క అక్షరం రాదు. కనుక ఇది ఆవిడ చేతికి చిక్కినా నాకు భయం లేదు. అయినా ఒక పాప పేరు మార్చే రాస్తున్నాను, అక్కకు మాట ఇచ్చాను గనుక.

నెల్లితోపులో మా బడి. అక్కది రెండో తరగతి ఏ సెక్షను, నాది బి సెక్షను. రెండింటికీ మధ్య గోడ లేదు, నా భుజాల ఎత్తు చెక్క అడ్డు ఒకటి ఉంది. అంటే ఆవిడ చేసే ప్రతి పనీ నాకు కనిపిస్తుంది, నేను మూతి ముడవడం ఆవిడకూ కనిపిస్తుంది.

అక్క పమిట అంచుకు ఎప్పుడూ అరడజను బట్టల క్లిప్పులు వేలాడుతుంటాయి. వాన పడిన రోజు మా హెడ్‌మాస్టరు శివరామన్ సారు గొడుగు గుమ్మం దాటిందో లేదో, తలకిందులుగా దండెం ఎక్కింది. ఒకసారి పైకప్పు కారి హాజరు పుస్తకం తడిసింది. అక్క దాని కుట్లు విప్పి, నెలనెలా విడదీసి ఆరేసింది. రెండు రోజులు దండెం పొడుగునా నడుస్తూ హాజరు పిలిచింది. జూన్ దగ్గర మొదలుపెట్టి డిసెంబరు చేరేసరికి పిల్లలు సగం మంది నిద్రపోయేవాళ్ళు.

మా వాచ్‌మన్ మునుసామి సంగతి మరీ అన్యాయం. తడిసిన చొక్కాతో టీ ఇవ్వడానికి లోపలికి వెళ్ళిన మనిషి, బనీనుతో బయటికి వచ్చాడు. ఆ తర్వాత వాన రోజుల్లో టీ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి, అరిచి, పారిపోయేవాడు.

మరి బట్టలు ఆరేలోపల పిల్లలు ఏం వేసుకోవాలి? దానికి అక్క దగ్గర ఏర్పాటు ఉంది. ఆవిడ భర్త నరసింహన్ టౌను బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క ఖాకీ చొక్కా కూడా ఆవిడ పారెయ్యనివ్వలేదు. చాలనివి ఆయన స్నేహితుల ఇళ్ళ నుంచి అడిగి తెచ్చింది. తడిసిన రోజున ఆడపిల్లలు బీరువా వెనకా, మగపిల్లలు తలుపు వెనకా వెళ్ళి ఆ చొక్కాలు తొడుక్కుని వచ్చేవాళ్ళు. చొక్కా పాదాల దాకా, జేబు మోకాలి దగ్గర, చేతులు నాలుగు మడతలు. ఇరవై రెండు మంది కండక్టర్లు బెంచీల మీద కూర్చుని ఎక్కాలు చదివేవాళ్ళు. నీళ్ళు తాగడానికి లేచినవాడు, బస్సు ఆపమన్నట్టు 'హోల్డాన్' అనేవాడు. తిరిగొచ్చి కూర్చుని, బండి కదలొచ్చు అన్నట్టు 'రైట్, పోలాం' అనేవాడు. అక్క అప్పుడే పాఠం ముందుకు సాగించేది.

ఇక చలికాలం. పుస్తకాల్లో చలికాలం వేరు, మా ఊరి చలికాలం వేరు. మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, తెల్లారి కాస్త చల్లగాలి వీస్తే మా ముసలివాళ్ళు మంకీ క్యాపులు తగిలిస్తారు గానీ, ఎనిమిది గంటలకల్లా వాటి కింద చెమట. మాకు చలికాలమంటే వాన. ఆరని బట్టలు, ముక్కిన వాసన, రేపు సెలవు ఇస్తారా లేదా అని ఫోన్లు చూసుకోవడం.

ఇది నాకు తెలియక కాదు. కానీ నేను కొత్తగా ట్రైనింగు పొందిన టీచర్ని. చలికాలపు పాఠాల కాగితాలు ఇంటర్నెట్లో దొరికితే కట్టలు కట్టలుగా అచ్చు తీయించాను. మంచు బొమ్మకు రంగులు వెయ్యి, ఉన్ని చేతితొడుగులు జతపరచు, కాగితం కత్తిరించి మంచుపువ్వు చెయ్యి. అవి చాలక దూదితో నాలుగడుగుల మంచుమనిషిని తయారుచేశాను. ముక్కుకు క్యారెట్టు, మెడకు నా సొంత మఫ్లరు. వారం రోజులు కంటికి నిద్ర లేదు. తీరా చూపిస్తే, మా క్లాసు వెట్రివేల్ చాలాసేపు పరీక్షగా చూసి, ఈయన ఇడ్లీకొట్టు ఆయనా మిస్ అని అడిగాడు. మంచు అంటే ఏమిటో అరగంట చెప్పాను. అంతా విని కయల్విళి అనే పిల్ల అడిగింది ఒకటే, మంచు పడితే సెలవిస్తారా అని.

అదే సమయంలో చెక్క అడ్డుకు అవతల అక్క చలికాలపు పాఠం నడిచేది. ఏ గుడ్డ ముందు ఆరుతుంది? చేతిగుడ్డా, తువ్వాలా, సాక్సా, స్కూలు పావడా? పిండితే ఎంతసేపు, పిండకపోతే ఎంతసేపు? ఫ్యాను కిందా, కిటికీ పక్కనా? గోడమీద పెద్ద అట్ట. అందులో పిల్లవాడి పేరు, గుడ్డ పేరు, వేసిన టైము, ఆరిన టైము. నా పిల్లలకు గడియారం చూడటం ఫిబ్రవరికి వస్తే గొప్ప. ఆవిడ పిల్లలు నవంబరుకే 'పదీ ముప్పావు' అనేవాళ్ళు. నేను దీన్ని పాఠమనుకోలేదు, చాకిరేవు అనుకున్నాను.

అన్నిటికంటే వింత ఏమిటంటే, పొడిగా వచ్చిన పిల్లల్ని కూడా అక్క వదిలేది కాదు. కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి వాళ్ళ పైబట్టలు తడిపించి, వాళ్ళకూ ఖాకీ చొక్కాలు తొడిగేది. ఒక తల్లి వచ్చి, మేము ఆటోలో పొడిగా పంపిస్తే మీరు తడిపి పంపడమేమిటని దెబ్బలాడింది. "పొడిగా వస్తే పాఠం యాడనుంచి వస్తాదమ్మా?" అంది అక్క, ఆమె పమిట కొస తడిసి ఉండటం గమనించి క్లిప్పు తీస్తూ. ఆ తల్లి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

నేనూ ఒకసారి అడిగాను, ఆరి ఉన్న బట్ట తడపడం ఎందుకక్కా అని.

"అందరూ తడిస్తేనే కదబ్బా లెక్క సరిగ్గా వచ్చేది," అంది.

నేను నవ్వుకున్నాను. ఆ మాటను ఒక్క నిమిషం తిరగేసి చూసుకున్నా బాగుండేది.

ఇప్పుడు పేరు మార్చిన పాప సంగతి. ఇలక్కియ అందాం. పోయినేడు నేను ఒకటో తరగతికి చెప్పినప్పుడు నా క్లాసులోనే ఉండేది. వానాకాలం సగం రోజులు బడికి రాలేదు. రిపోర్టు కార్డులో 'తరచు ఎగ్గొడుతుంది' అని ఎర్ర సిరాతో రాశాను. ఈ ఏడు అక్క సెక్షనుకు వెళ్ళింది. నవంబరంతా వాన కురిసినా ఒక్క రోజు మానలేదు, దండెం దగ్గర అట్టమీద టైము రాసే పని ఆమెదే. బుద్ధిమంతురాలైందని అనుకున్నానే తప్ప, ఎందుకు మారిందో అడగలేదు.

డిసెంబరు మొదటి వారంలో మా బడికి తనిఖీ ఉందని కబురొచ్చింది. నా మంచుమనిషి పక్కన నిలబడి పొగడ్తలు అందుకునే దృశ్యం నాకు కళ్ళకు కట్టింది. ఆ దృశ్యం వెనక చెక్క అడ్డు మీదుగా పదహారు జతల సాక్సులు కూడా కనిపించాయి. ఫోను తీసి, ఖాకీ చొక్కాల పిల్లల్నీ, దండేన్నీ, క్లిప్పు నోట్లో పెట్టుకున్న అక్కనీ కలిపి ఒక ఫోటో కొట్టి టీచర్ల గ్రూపులో పెట్టాను. 'మా బడిలో కొత్త లాండ్రీ. చదువు ఉచితం, ఇస్త్రీకి విడిగా' అని కింద రాశాను. పకపకా నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. నాకు చాలా సంతోషం కలిగింది.

అక్కడితో ఆగినా బాగుండేది. శివరామన్ సారు దగ్గరికి వెళ్ళి, బడి పరువు గురించి పది నిమిషాలు మాట్లాడాను. నా పేరు బయటపెట్టవద్దని కూడా అన్నాను. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటారే, అది అక్షరాలా నేనే చేశాను. సారు మెత్తని మనిషి, తనిఖీ అంటే ఆయనకు ముందే కడుపునొప్పి. ఆ సాయంత్రమే మునుసామి దండెం విప్పేశాడు. అతనికి పాత పగ ఉంది కనుక మేకు కూడా పీకేశాడు.

అక్క గొడవపడలేదు. ఖాళీ గోడ వైపు కాసేపు చూసి, క్లిప్పులన్నీ ఒక డబ్బాలో వేసి, "వాన తగ్గినాక తీసుంటే పోయేది కదా," అంది, ఎవరితోనూ కాకుండా. ఆ తర్వాత నాలుగు రోజులు విడవకుండా వాన. అక్క సెక్షన్లో ఇరవై రెండు మందికి ఇరవై ఒక్కరే వచ్చారు. నాలుగు రోజులూ రానిది ఇలక్కియ. అక్క రోజూ ఆ పేరు పిలిచి, తలుపు వైపు చూసి, తర్వాతి పేరుకు వెళ్ళేది.

తనిఖీకి వచ్చిన అధికారి మూలకుళం నుంచి స్కూటరు మీద వచ్చాడు. ఆ వానలో స్కూటరు మీద రావడమంటే ఈదుకుంటూ రావడమే. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, వేలికొసల నుంచి నీళ్ళు కారుతూ నా క్లాసులోకి వచ్చాడు. మంచుమనిషిని చూసి తల ఊపాడు. నా గుండె పొంగింది. చలికాలంలో ఏం జరుగుతుంది బాబూ అని వెట్రివేల్‌ని అడిగాడు.

"మంచు పడతాది సార్."

"యాడ పడతాది?"

"మా మిస్ కాగితంలో."

అధికారి దగ్గి, చెక్క అడ్డు దాటి అవతలికి వెళ్ళాడు. ఇరవై ఒక్క మంది లేచి నిలబడ్డారు గానీ, ఒక్కరూ నమస్కారం పెట్టలేదు. అందరూ ఆయన చొక్కా వైపే దిగులుగా చూశారు. ముందు బెంచీ పిల్ల ఒకతె ఇక తట్టుకోలేక, పిండి ఫ్యాను కింద వేస్తే పన్నెండుంబావుకు ఆరుతుందనీ, ఒంటి మీదే ఉంటే మూడు దాకా ఆరదనీ ఆయనకు చెప్పింది. ఎలా తెలుసని ఆయన అడిగాడు. అట్ట చూపించారు. గాలి తగిలితే తడి ఎక్కడికి పోతుందో, మడత పెడితే ఎందుకు ఆరదో ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఆయన అట్ట ముందు నిలబడి పై నుంచి కింద దాకా చదివాడు. నా మంచుమనిషి ముందు అంతసేపు నిలబడలేదు.

అంతలో అక్కకు నిగ్రహం తప్పింది. ఆయన మోచేతి నుంచి పడే చుక్కల్ని ఆవిడ అప్పటికే చాలాసేపు ఓర్చుకుంది. రెండు నిమిషాల్లో తనిఖీ అధికారి బీరువా వెనక నుంచి ఖాకీ చొక్కాలో బయటికి వచ్చాడు. ఆయనది పిండి చేతిలో పెట్టుకుని అక్క అలవాటుగా గోడ వైపు తిరిగింది. దండెం లేదు. నలుగురు పిల్లలు లేచొచ్చి, చొక్కాకు తలా ఒక కొస పట్టుకుని, ఫ్యాను కింద సాగదీసి నిలబడ్డారు.

"తాడు లేకపోతే మేముండాం సార్," అన్నారు.

ఆయన నవ్వాడు. తర్వాత, తాడు ఏమైందని అడిగాడు. ఏదో ఫిర్యాదు వచ్చిందని, ఆయన వెంటే ఉన్న శివరామన్ సారు పైకప్పు చూస్తూ గొణిగాడు. నేను మంచుమనిషి మఫ్లరు సర్దడం మొదలుపెట్టాను. నోరు విప్పడానికి అదే సమయం. విప్పలేదు. అంతకంటే ఘోరం, హాజరు పుస్తకం చూసి ఈ ఇలక్కియ ఎవరని ఆయన అడిగితే, ఆ అమ్మాయికి ఎగ్గొట్టడం అలవాటే సార్, నిరుడు నా క్లాసులోనూ అంతే అని చెక్క అడ్డు మీదుగా అందించాను. అప్పుడు అక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

ఆయన వెళ్ళాక అక్క నా దగ్గరికి వచ్చింది. "కోసపాళయం నీ ఇంటి దారే కదా జయంతీ. ఆ పాప ఏమిటికి రాలేదో నువ్వే పోయి చూసిరా," అంది.

సాయంత్రం వెళ్ళాను. సందు చివర రెండు గదుల ఇల్లు. ఇలక్కియ గుమ్మంలో కూర్చుని ఉంది, వాళ్ళమ్మ చీర చుట్టుకుని. వెనక గోడకు కట్టిన తాడుమీద స్కూలు పావడా, చొక్కా వేలాడుతున్నాయి. చెయ్యి పెట్టి చూశాను. తడి.

వాళ్ళమ్మ తాయమ్మాళ్ పూలు కడుతోంది. కొత్త టీచరు వచ్చిందని చాప వేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. యూనిఫారం ఒకటే జత. నిరుడిది పొట్టిదై చెల్లెలికి పోయింది. రోజూ ఉతకాలి, ఈ వానకు తెల్లారేసరికి ఆరదు.

"నిరుడు ఆరలేదని రంగుగౌను వేసి పంపిస్తే, ఎవరో మిస్సు అందరి ముందరా నిలబెట్టినారంట," అంది. "దాంతో వాన వస్తే పోనే పోనని మొరాయించేది. ఈ ఏడు అమ్మాయమ్మ టీచరు చెప్పింది, తడిదే తొడిగి పంపించు తాయమ్మా, అందరివీ తడిపేస్తా, నీ కూతురిది ఒక్కటే తడి అని ఎవురికీ తెలీదు అని. ఇప్పుడు ఆ తాడు తీసేసినారంట కదమ్మా. ఎవరో చెప్పి తీయించినారంట."

ఆ గౌను నాకు గుర్తొచ్చింది. పసుపుపచ్చ గౌను, గుండీలు లేక పిన్నీసు పెట్టి ఉంది. యూనిఫారం లేకుండా వస్తే ఇలాగే ఉంటుందని ఆ పిల్లను నల్లబల్ల పక్కన ఒక పీరియడంతా నిలబెట్టాను. ఆ ఎవరో మిస్సూ నేనే, ఈ ఎవరో కూడా నేనే. ఒక్క పిల్లకు రెండేళ్ళలో రెండుసార్లు. తాయమ్మాళ్ నన్ను గుర్తుపట్టలేదు. ఇలక్కియ గుర్తుపట్టింది. నా ముఖం చూసి ఏమనుకుందో, నాకు ధైర్యం చెబుతున్నట్టు, "మీ దూదిబొమ్మ బాగుండాది మిస్," అంది. నేను ఆ చాపమీద నుంచి ఎలా లేచానో నాకు తెలియదు.

"రేపు పంపించండి. దండెం ఉంటుంది," అన్నాను.

"ఎవురు కడతారు?" అని అడిగింది ఇలక్కియ.

"నేను."

ఆ పిల్ల నమ్మినట్టు కనిపించలేదు. ఎలా నమ్ముతుంది?

మర్నాడు ఏడున్నరకే బడికి వెళ్ళాను. గొడుగు ఇంట్లోనే పెట్టి, కావాలనే తడుస్తూ నడిచాను. అదంతా సినిమాలో బాగుంటుంది, నిజంగా చేస్తే తుమ్ములొస్తాయి. శివరామన్ సారు గదిలోకి వెళ్ళి, ఫిర్యాదు చేసిందాన్ని నేనే, వెనక్కి తీసుకుంటున్నాను, నా పేరు అందరికీ చెప్పండి అన్నాను. ఆయన తన కుర్చీని నేలమీద పారే నీళ్ళకు దూరంగా జరుపుకుని, సరేనన్నాడు. మేకు కొట్టనని మునుసామి మొండికేశాడు. నేనే కొట్టాను, మూడు దెబ్బలు మేకుకు, రెండు నా బొటనవేలికి. కొత్త తాడు పొడుగైనది కొన్నాను. అది అక్క సెక్షను కిటికీ నుంచి చెక్క అడ్డు దాటి, నా క్లాసు చివరి దాకా వచ్చింది.

అక్క వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"అక్కా, కంప్లెయింటు ఇచ్చింది నేనే," అన్నాను.

"తెలుసు."

"గ్రూపులో మీ ఫోటో పెట్టి ఎగతాళి చేసింది కూడా..."

"అదీ తెలుసబ్బా. ఆ గ్రూపులో నేను కూడా ఉండాను కదా."

ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. భూమి నోరు తెరిస్తే దూకేదాన్నే. అక్క డబ్బా తీసి క్లిప్పులు ఒక్కొక్కటే పమిటకు పెట్టుకుంటూ, "ఆ ఫోటోలో నేను బాగా పడినాను. మాయన ప్రింటు వేయించి గోడకు తగిలించినాడు, ఆయన చొక్కాలన్నీ ఒక్కచోట కనబడతా ఉండాయని," అంది.

నేను ఏడ్వబోయాను. అది చూసి అక్క కంగారుపడింది. పాపం, ఆవిడకు తడి పనికిరాదు. కళ్ళు తుడుచుకోమని చేతిగుడ్డ ఇచ్చి, వెంటనే వెనక్కి లాక్కుని ఆరేసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "ఆ పాప పేరు యాడా ఎత్తబాక. ఏటా అట్లా ఒకరు ఉంటారు. ఎవురన్నా అడిగితే టీచరుకు తడిగుడ్డల పిచ్చి అని చెప్పు, చాలు."

తొమ్మిదింటికి ఇలక్కియ వచ్చింది, తడి యూనిఫారంలో. తలుపు దగ్గర ఆగి మొదట దండెం చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ వెంటనే ఏ సెక్షనూ బి సెక్షనూ కలిసి కొళాయి మీద పడ్డాయి. వెట్రివేల్ మంచుమనిషిని కూడా తడిపి ఈడ్చుకొచ్చాడు, ఇడ్లీకొట్టు ఆయన ఒక్కడే పొడిగా ఉంటే బాగుండదని. నా చీరను విప్పి ఆరేసే వీలు లేదు కనుక, అక్క నాకు పైన ఒక ఖాకీ చొక్కా తొడిగి, కొంగును మాత్రం నాలుగు క్లిప్పులతో దండేనికి బిగించింది. ఆ రోజంతా నేను కట్టేసిన ఆవులా, కొంగు అందినంత మేర తిరుగుతూ పాఠం చెప్పాను. టీ తెచ్చిన మునుసామి గుమ్మంలోంచి నన్ను చూసి, మొదటిసారి పారిపోకుండా నిలబడి నవ్వాడు.

అట్టమీద ఇలక్కియ కొత్త వరస రాసింది. జయంతి మిస్, చీర, తొమ్మిదీ పది. గంటగంటకూ వచ్చి కొంగు వేళ్ళతో నలిపి చూసేది. "ఇంకా ఆరలేదు మిస్," అని వెళ్ళిపోయేది. నేను సరేననేదాన్ని. అది న్యాయంగానే అనిపించింది.

మూడూ ముప్పావుకు మళ్ళీ వచ్చింది. కొంగు పట్టి చూసింది, చెంపకు ఆనించి చూసింది, గడియారం చూసి టైము రాసుకుంది. బెంచీ ఎక్కి నాలుగు క్లిప్పులూ తీసింది.

"రైట్, పోలాం మిస్," అంది.